పడుగు ఎక్కాక అడిగిన మార్పులు



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. సమాజ్ సభ్యుల వివరాలన్నీ ఫోన్లో చూసుకునేలా ఒక యాప్ చేయించాలని నిరుడు అనుకున్నాం. మన గల్లీ పిల్లవాడే, ఇంజనీరింగ్ చదివినవాడు, చేస్తానన్నాడు. బయటివాళ్లు చెప్పిన రేటులో సగానికే ఒప్పుకున్నాడు. సగం డబ్బు ముందే ఇచ్చాం. నాలుగు నెలల పని పద్నాలుగు నెలలైనా తెగలేదు. మొన్న సమావేశంలో ఎవరో "మనల్ని ముంచిండు" అన్నారు. ఆ పిల్లవాడి తండ్రి వెనక వరసలో కూచొని ఉన్నాడు. నలభై ఏళ్లు సాంచెలు నడిపిన మనిషి. ఒక్క మాట అనకుండా చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఇది నాలుగో అంశం. ఇచ్చిన డబ్బు వెనక్కి వసూలు చేయాలి, పని బయటి కంపెనీకి ఇవ్వాలి అని తీర్మానం. దానికి చెయ్యెత్తే ముందు ఈ పోస్టు చదవండి. పొడుగ్గా ఉంటుంది, నా పోస్టులు మీకు అలవాటే. యాప్ సంగతి చివర్న చెప్తాను, ముందు కొంచెం చరిత్ర. ఎందుకంటే ఒకరు చెప్పడం, ఇంకొకరు చేయడం, తీరా చేతికొచ్చాక "నేనడిగింది ఇది కాదు" అనడం కంప్యూటర్లతో పుట్టిన రోగం కాదు. మగ్గం పుట్టినప్పటి నుంచీ ఉంది. మన పెద్దలు దానికి కొన్ని మందులు కూడా కనిపెట్టారు. వాటిని మనమే మర్చిపోయాం.

ముందు గోదావరి ఒడ్డుకు పోదాం. అక్కడి నేతగాళ్లు మన బంధువులని నేననను. మనం కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లం. అక్కడ దేవాంగులు, సాలెలు, కర్ణభక్తులు, కైకాలవాళ్లు కలిసి ఉండేవారు. కానీ పని ఒకటే, బాధ ఒకటే.

ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో 1611లో కొట్టు తెరిచింది. తర్వాత నరసాపురం దగ్గర మాధవాయపాలెం, గోదావరి పాయ మీద ఇంజరం వంటి చోట్ల గిడ్డంగులు పెట్టింది. వ్యాపారం ఎలా నడిచేదంటే, లండన్ నుంచి జాబితా వచ్చేది. ఫలానా రకం బట్ట ఇన్ని తానులు, ఇంత పొడవు, ఇంత వెడల్పు. సన్నదనం చెప్పడానికి పుంజాల లెక్క ఉండేది. ఒక పుంజం అంటే 120 పోగులు. పద్నాలుగు పుంజాల బట్ట అంటే పడుగులో 1,680 పోగులన్నమాట. మనం ఇవాళ బీములో ఎన్ని తారులు అని అడుగుతామే, అదే. ఇంత కచ్చితమైన కొలత రెండు వందల యాభై ఏళ్ల కిందటే ఉంది. అయినా తగాదాలు వచ్చాయి. ఎందుకు?

ఎందుకంటే పుంజాలు పోగుల్ని లెక్కపెడతాయి, నేతను లెక్కపెట్టవు. పేక ఎంత ఒత్తుగా కొట్టాలి, నూలు ఎంత సమంగా ఉండాలి, చలువ ఎంత తెల్లగా రావాలి, ఇవి జాబితాలో రాయలేరు. అందుకని నమూనా ముక్క పంపేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని మస్టరు అనేవాళ్లు. నేతగాడు తెచ్చిన తానును గిడ్డంగిలో పరిచి ఆ ముక్కతో పోల్చి, మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని తీసేవారు. ఏ రకానికీ రానిది తిరుగు. ధర రకాన్ని బట్టి తగ్గేది. పోల్చి చూసేవాడు కంపెనీ మనిషే. నమూనా ఉండేది కంపెనీ గిడ్డంగిలోనే. ఇంకో తిరకాసు, దూరం. లండన్లో జాబితా రాసిన రోజుకీ ఇక్కడ తాను మడత పడిన రోజుకీ మధ్య ఏడాది దాటిపోయేది, ఓడ తిరిగి పోయేసరికి ఇంకా ఎక్కువ. ఈలోపు ఇక్కడ పత్తి ధర పెరిగేది, బియ్యం ధర పెరిగేది. అక్కడ ఆ రకానికి గిరాకీ పోయేది. అడిగినవాడికీ చేసినవాడికీ మధ్య సముద్రం ఉంది, ఇద్దరి ముఖాలూ ఒకరికొకరు తెలియవు.

అయినా చాలా ఏళ్లు నేతగాడి పరిస్థితి మనం అనుకునేంత అన్యాయంగా లేదు. దక్షిణాది నేతగాళ్ల మీద పని చేసిన చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి దీన్ని వివరంగా చూపించారు. నేతగాడు బయానా తీసుకుంటాడు. మధ్యలో ఇంకొకరు మంచి ధర ఇస్తామంటే, లేదా పని కుదరదనిపిస్తే, బయానా తిరిగిచ్చేసి ఒప్పందం తెంపుకోవచ్చు. వర్తకుడు మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు తెంపి "నా డబ్బు కక్కు" అనలేడు. అదే అప్పటి ఆచారం. మరి తిరుగు బట్ట సంగతి? పక్కనే జగన్నాథపురం, పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, వాళ్లు కాకపోతే ఊరి సంత. ఒకరు వద్దన్నది ఇంకొకరు కొనేవారు. నేతగాడి తరఫున మాట్లాడటానికి కులంలో పెద్ద ఉండేవాడు. ఆ ప్రాంతంలో సేనాపతి అనేవాళ్లు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1766 నాటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. అక్కడి నుంచి కస్టమరే సర్కారు అయ్యాడు. మధ్య వర్తకుల్ని తీసేసి గుమాస్తాల్ని పెట్టారు. బయానా పుచ్చుకున్న నేతగాడి ఇంటి ముందు బంట్రోతుని కూచోబెట్టారు, వాడి బత్తెం కూడా నేతగాడి మీదే. కంపెనీ పని అయ్యేదాకా వేరేవాళ్లకు నేయకూడదు. యుద్ధాల వల్ల డచ్చి, ఫ్రెంచి కొట్లు మూతపడుతూ వచ్చాయి. బయానా తిరిగిచ్చి బయటపడే దారి మూసుకుపోయింది. తిరుగు బట్ట కొనే దిక్కు లేకుండా పోయింది. 1798 ప్రాంతంలో గోదావరి జిల్లా నేతగాళ్లు మగ్గాలు ఆపేసి ఊళ్లకు ఊళ్లు ఒకచోట చేరి తిరగబడ్డారు. పి. స్వర్ణలత గారు ఆ నేతగాళ్ల అర్జీలు, వాంగ్మూలాలు తవ్వి తీసి రాశారు. వాళ్ల ఫిర్యాదుల్లో కూలి ఎంతన్నది ఒకటే లేదు. ఎవరు కొలుస్తున్నారు, ఎవరు తిరుగు అంటున్నారు అన్న తగాదా కూడా ఉంది.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం, లండన్‌కి. కంప్యూటర్ సంగతి అక్కడే మొదలైంది, దానికీ మగ్గానికీ చుట్టరికం ఉంది. జకార్డు మనకు కొత్త కాదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జకార్డు తయారుచేసిన ఆ పెట్టెలో అట్టలకు చిల్లులు ఉంటాయి. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అట్టల వరస మారిస్తే డిజైను మారుతుంది, మగ్గం మాత్రం అదే. 1839లో జకార్డు ముఖచిత్రాన్నే పట్టు మీద నేశారు, దానికి ఇరవై నాలుగు వేల అట్టలు పట్టాయి. ఆ బట్ట ఒకటి లండన్లో ఛార్లెస్ బాబేజ్ ఇంట్లో ఉండేది.

ఆ బాబేజ్ కథే మనకు కావలసింది. నాకు తెలిసినంతలో లెక్కల యంత్రం చేసిపెట్టమని ఒక కస్టమరు డబ్బిచ్చి, అది చేతికి రాక తలపట్టుకున్న కథల్లో ఇది మొదటి వరసలోది. కస్టమరు బ్రిటిష్ ప్రభుత్వం. ఓడలు నడపడానికి లెక్కల పట్టికలు కావాలి. మనుషులు చేతితో వేసే పట్టికల నిండా తప్పులు. యంత్రంతో వేయిస్తానని బాబేజ్ అన్నాడు. 1823లో 1,500 పౌండ్లు ఇచ్చారు. ఆ డబ్బుకి పని మొత్తం అయిపోతుందని వాళ్లనుకున్నారా, ఇది మొదటి వాయిదా అని ఆయన అనుకున్నాడా అన్న దగ్గరే పేచీ మొదలు. తేటగా రాసుకోలేదు. పళ్ల చక్రాలు, ఇరుసులు కలిపి పాతిక వేల భాగాలు కావాలి. క్లెమెంట్ అనే గొప్ప పనివాడిని పెట్టుకున్నారు. 1832లో యంత్రంలో ఏడో వంతు బిగించి చూపించారు. అది బ్రహ్మాండంగా నడిచింది. బాబేజ్ దాన్ని ఇంట్లో పెట్టుకొని విందులకు వచ్చినవాళ్లందరికీ తిప్పి చూపించేవాడు. ముక్క నడిచింది గానీ తాను రాలేదు. మరుసటి ఏడు డబ్బు విషయంలో క్లెమెంట్‌తో చెడి పని ఆగిపోయింది.

తర్వాత బాబేజ్ చేసిన పని చూడండి. 1834లో ఆయనకు ఇంకా మంచి ఆలోచన వచ్చింది. జకార్డు అట్టలతో నడిచే, ఏ లెక్కైనా వేసే యంత్రం. ఇవాళ్టి కంప్యూటర్‌కి తాత అన్నమాట. ఆలోచన గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ కస్టమరు దగ్గరకు పోయి, పాతది పూర్తి చేయమంటారా, దాన్ని వదిలేసి ఇది మొదలుపెట్టమంటారా అన్న అర్థంలో ఉత్తరాలు రాశాడు. పదకొండేళ్లు డబ్బు పోసిన కస్టమరుకి అది ఎలా వినిపించి ఉంటుంది? ఏ జవాబూ చెప్పకుండా ఎనిమిదేళ్లు సాగదీసి 1842లో తెంపేశారు. అప్పటికి ఖర్చు 17 వేల పౌండ్ల పైమాటే. బాబేజ్ చచ్చిపోయేదాకా ప్రభుత్వాన్ని తిడుతూనే ఉన్నాడు. ప్రభుత్వం ఆయన్ని గాలిలో మేడలు కట్టేవాడిలా చూసింది. విచిత్రం ఏమిటంటే ఆయన గీసిన ఇంకొక నమూనాను లండన్ సైన్సు మ్యూజియంవాళ్లు 1991లో చేసి చూశారు. అది సరిగ్గా పనిచేసింది. అంటే ఆయనకు పని రాక చెడలేదు. చెప్పుకోవడం చేతకాక చెడింది, రెండు వైపులా.

ఇది ఎందుకు చెప్పానంటే, మన సమావేశంలో "వాడికి పని రాదు" అన్న మాట ఒకటి పడింది. పని వచ్చినవాళ్లకూ ఇలాగే అవుతుందని తెలియడానికి.

ఇక మన ఊరికి వద్దాం. భివండిలో కరెంటు సాంచెలు 1930ల ప్రాంతంలో మొదలయ్యాయి. అంతకుముందు చేతి మగ్గాలే, ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లవి. మనవాళ్లు విడతలు విడతలుగా వచ్చారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. మిల్లులు చాలావరకు మళ్లీ కోలుకోలేదు, ఆ బట్ట పని చాలా భాగం భివండికి మళ్లింది. నాకు బాగా గుర్తు. నార్పోలిలో, కామత్‌ఘర్‌లో రేకుల షెడ్లు రాత్రికి రాత్రి లేచాయి. పద్మనగర్‌లో ఒక్కో గదిలో షిఫ్టు మార్చి షిఫ్టు పడుకునేవాళ్లం.

మనలో సొంత నూలు కొని నేసి అమ్మినవాళ్లు తక్కువ. ఎక్కువమందిది జాబు పని. సేటు బీము, నూలు ఇస్తాడు, మనం నేసి తాకాలు ఇస్తాం. కూలి పీకు లెక్కన. అంగుళానికి ఎన్ని పీకులో, పీకుకు ఎన్ని పైసలో, దాన్ని బట్టి మీటరు కూలి. యాభై రెండు పీకులు, పీకుకు అయిదు పైసలు అనుకుంటే మీటరుకు రెండు రూపాయల అరవై పైసలు. చిన్నపిల్లవాడు కూడా లెక్క కట్టగలడు. నేను ఎనిమిది సాంచెలు నడిపినన్నాళ్లూ ఒప్పందం కాగితం మీద సంతకం చేయలేదు. ఒక చీటీ ఉండేది. నూలు నంబరు, తారులు, ఫణి, పీకులు, పన్నా, అంతే. ఫణిని ఊళ్లో పన్నె అనేవాళ్లం, పిల్లలకు తెలియదేమో అని చెప్తున్నా.

ఆ చీటీ కంటే ముఖ్యమైంది ఇంకొకటి ఉండేది, మొదటి ముక్క. కొత్త బీము ఎక్కించి, అతుకు దాటి, అర మీటరు నేశాక సాంచె ఆపేసి దాన్ని కోసేవాళ్లం. సేటు దగ్గరికి, లేకపోతే ఆయన మెహతా దగ్గరికి పట్టుకుపోతే, గ్లాసు పెట్టి పీకులు లెక్కపెట్టేవాడు. బాగుందంటే ఆ ముక్కను రెండు చేసి ఒకటి ఆయన ఉంచుకొని, ఒకటి నాకిచ్చేవాడు. రేపు గొడవొస్తే నా ముక్క నా దగ్గర ఉంది. గోదావరి నేతగాడికి లేనిది ఇదే. వాడి నమూనా కంపెనీ గిడ్డంగిలో ఉండేది. నాది నా గల్లాపెట్టెలో ఉండేది. మెహతాలతో గొడవలు కాలేదని కాదు. పట్టీ పడిందని, జాలా పడిందని, నూనె మరకని పైసలు కోశారు. నేనూ అరిచాను. కానీ "నేను చెప్పింది కేంబ్రిక్, నువ్వు నేసింది పాప్లిన్" అన్న గొడవ నా జన్మలో ఒక్కటీ రాలేదు.

దానికి అసలు కారణం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఈ యాప్ గొడవలో పడ్డాకే. పడుగు సంగతి సేటుకీ తెలుసు, నాకూ తెలుసు.

బీము ఒకసారి సాంచె మీదికి ఎక్కిందంటే పడుగు ఖాయం. ఎన్ని తారులు, ఏ నూలు, ఎంత పన్నా, ఇవన్నీ అప్పటికే అయిపోయాయి. అవి మార్చాలంటే బీము కోసి దింపాలి, వేల పోగులు మళ్లీ ఒక్కొక్కటి ఎక్కించాలి. పేక అలా కాదు. కండె మారిస్తే రంగు మారుతుంది. పీకులు తగ్గించాలన్నా పెంచాలన్నా చక్రం మార్చాలి, కాసేపు సాంచె ఆగుతుంది, అంతే. అందుకే సేటు బీము మధ్యలో వచ్చి "పీకులు నాలుగు తగ్గించు, మార్కెట్ పడిపోయింది" అనేవాడు. నేను సరే అనేవాణ్ని, కూలి తగ్గేది. కానీ ఏ సేటూ నా దగ్గరకొచ్చి "పన్నా రెండంగుళాలు పెంచు" అనలేదు. ఎంత తిక్క సేటైనా ఎంత డబ్బున్నవాడైనా అనలేదు. సాంచె ఎదురుగా ఉంది, పడుగు కళ్లకు కనబడుతుంది. అడిగితే తానే నవ్వులపాలవుతాడు.

సాఫ్ట్‌వేర్‌లో పడుగు కస్టమరుకు కనబడదు. రోగం అక్కడుంది.

ఇది ప్రపంచమంతా పడ్డ బాధే. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో తరఫున ఒక సదస్సు జరిగింది. సాఫ్ట్‌వేర్ పనులు గడువు దాటుతున్నాయి, ఖర్చు దాటుతున్నాయి, వచ్చింది అడిగినట్టు లేదు అని అప్పటి పెద్దలంతా కూచొని మొత్తుకున్నారు. 2001లో అమెరికాలో పదిహేడు మంది ఒక కొండ మీది విడిదిలో కలిసి, మొత్తం ముందే రాసుకొని చివర్న చూపించడం మానేసి, కొంచెం కొంచెం చేసి కస్టమరుకు చూపిస్తూ పోదాం అని ఒక ప్రకటన రాశారు. మా అబ్బాయి పుణేలో ఆ పద్ధతిలోనే పని చేస్తాడు. వాడు చెప్తుంటే నేనన్నాను, ఇది మన మొదటి ముక్క కోసుకుపోవడమే కదరా అని. వాడు "కొంచెం అంతే నాన్నా, కానీ మేము రెండు వారాలకోసారి కోస్తాం" అన్నాడు.

మన ఊళ్లో ఇంకో ఉదాహరణ ఉంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటిదాకా సాంచెల లెక్కలు వహీల్లో, కొందరివి కుర్రాళ్లు రాసిచ్చిన చిన్న సాఫ్ట్‌వేర్లలో ఉండేవి. నూలు ఎంత వచ్చింది, తాకాలు ఎన్ని పోయాయి, కూలి ఎంత, సరిపోయేది. జీఎస్టీతో ప్రతి చలానాకు నంబరు, జాబు పనికి పోయిన సరుకుకు ఐటీసీ-04 అని వేరే ఫారం. దాని గడువు మళ్లీ మళ్లీ పొడిగించారు. తర్వాతి ఏడు ఈ-వే బిల్లు. ఆ సాఫ్ట్‌వేర్లు రాసిన కుర్రాళ్లకు అప్పుడు పట్టిన గతి నాకు తెలుసు. ఇద్దరు ముగ్గురు మా గల్లీవాళ్లే. "చిన్న కాలమ్ ఒకటి పెట్టవయ్యా" అని సేట్లు ఫోన్ల మీద ఫోన్లు. వాళ్ల దృష్టిలో అది కాలమ్. ఆ కుర్రాళ్లకు అది పడుగు కోసి మళ్లీ ఎక్కించడం. తప్పు సేటుదీ కాదు, కుర్రాడిదీ కాదు, కానీ నష్టం ఎవరో ఒకరు మోయాలి. చాలాసార్లు కుర్రాడే మోశాడు.

ఇప్పుడు మన యాప్. నేను కార్యవర్గంలో ఉన్నాను కాబట్టి కస్టమరు నేనే. దాచుకోవడానికేం లేదు.

మొదటి రోజు మనం చెప్పింది సభ్యుల పట్టిక. పేరు, ఫోను, చందా కట్టాడా లేదా. ఒక మనిషికి ఒక వరస. రెండు నెలలకు ఆ పిల్లవాడు తెచ్చి చూపించాడు. ఫోన్లో పేర్లు కనబడ్డాయి, అందరం చప్పట్లు కొట్టాం. ఆ రోజే నేనన్నాను, "బాబూ, పెళ్లి సంబంధాలు కూడా పెడితే బాగుంటుంది కదా, గోత్రం కొడితే పిల్లలు కనబడాలి." ఇంకొకరు ఇంటిపేరు, సొంతూరు, మండలం కావాలన్నారు. వేరొకరు నూలు పున్నమి చందాలు కుటుంబం లెక్కన వసూలు చేస్తాం, మనిషి లెక్కన కాదు కదా, కుటుంబాన్ని ఒకటిగా చూపించమన్నారు. ఇది చాలా చిన్న మాటలా వినిపించింది. మనకు అందులో విడ్డూరం ఏమీ కనబడలేదు, కుటుంబమంటే మనుషులే కదా.

మొన్న మా అబ్బాయికి ఇదంతా చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు. "నాన్నా, మనిషి లెక్కన కట్టినదాన్ని కుటుంబం లెక్కకు మార్చడమంటే మొదటి నుంచీ మళ్లీ కట్టడమే. కూతురు పెళ్లై వెళ్తే ఏ కుటుంబంలో చూపాలి? అన్నదమ్ములు వేరుపడితే పాత చందాలు ఎవరి కింద పడాలి? రెండు నెలల్లో చేసిన పని అంతా పోయినట్టే." అప్పుడు నాకు వెలిగింది. మనం పన్నా పెంచమన్నాం. సాంచె మీద బీము ఉండగా, సగం తాకా నేశాక. ఏ సేటూ నన్ను అడగని మాట మనందరం కలిసి ఒక పిల్లవాణ్ని అడిగాం.

మరి వాడు కాదని ఎందుకు అనలేదు? ఇక్కడే వాడి తప్పూ ఉంది, నేను కప్పిపుచ్చను. అనాల్సింది. "ఇది అవదు, అవ్వాలంటే ఇంత టైము, ఇంత డబ్బు" అని ఆ రోజే చెప్పాల్సింది. చెప్పకుండా సరేనని ఇంటికి పోయి రాత్రుళ్లు కూచొని అతుకులేశాడు. అతుకు మీద అతుకు పడి చివరికి ఏదీ నడవలేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు, అది ఇంకా పెద్ద తప్పు. కానీ ఎవరికి చెప్పాలి వాడు? నన్ను పెదనాన్నా అంటాడు. అధ్యక్షుల వారు వాళ్లమ్మకు వరసకు అన్న. కోశాధికారి వాడి ఫీజుకు చిట్టీ ఎత్తిచ్చిన మనిషి. మెహతాతో నేను అరవగలిగాను, ఎందుకంటే వాడు నాకేమీ కాడు. మేనమామకు "మామా, నీకు తెలియదు" అని ఎలా చెప్తాడు? సగం రేటుకు ఒప్పుకోవడం కూడా ఆ మొహమాటంతోనే. మనం దాన్ని మనవాడి అభిమానం అనుకున్నాం.

గోదావరి నేతగాడికి సేనాపతి ఉండేవాడని చెప్పాను కదా. వర్తకుడి ముందు నేతగాడి తరఫున "ఈ ధరకు ఈ రకం రాదు" అని చెప్పగల పెద్దమనిషి. మన సమాజ్ ఎప్పుడూ ఆ పాత్రలోనే ఉంది. కూలీల తగాదాల్లో సేట్ల దగ్గరకు పోయి మాట్లాడింది మన సమాజే. ఈ ఒక్క వ్యవహారంలో మనమే కస్టమరు అయ్యాం, ఆ పిల్లవాడి తరఫున మాట్లాడే పెద్ద ఒక్కడూ మిగల్లేదు. వాళ్ల నాన్న మాట్లాడాల్సింది, ఆయన చెప్పులేసుకొని పోయాడు.

పని బయటి కంపెనీకి ఇస్తే తీరుతుందా? తీరవచ్చు. వాళ్లు మనకు చుట్టాలు కారు కాబట్టి మొదటి రోజే నలభై పేజీల కాగితం ముందు పెడతారు, ప్రతి మార్పుకూ బిల్లు వేస్తారు. నేను వాళ్లను తప్పుపట్టను. కానీ మన కుటుంబం లెక్క ఏమిటో, అల్లుడు ఇల్లరికం వస్తే చందా ఎవరి పేరు మీద రాస్తామో మనకే ఇంకా తేలలేదు. అది తేలకుండా ఎవరికిచ్చినా ఇదే బీము, ఇదే గొడవ.

అందుకని ఆదివారం నాలుగో అంశం మీద నేను సవరణ పెడుతున్నాను. ముందు మనలో మనం ఒక పూట కూచొని పడుగు తేల్చుకుందాం. వరస మనిషిదా కుటుంబానిదా, పెళ్లి సంబంధాలు ఉంటాయా ఉండవా, ఎవరి ఫోను నంబరు ఎవరికి కనబడాలి. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి రెండు వైపులా సంతకాలు. రంగులు, బొమ్మలు, అక్షరాల సైజు పేక కిందికి వస్తాయి, ఎప్పుడైనా అడగొచ్చు. చీటీలోది మార్చమంటే డబ్బు, గడువు కొత్తగా మాట్లాడాలి. పదిహేను రోజులకోసారి ముక్క చూపించాలి. చూడటానికి అందరూ వద్దు, ఒక్కరే చూడాలి, మెహతాలా. ఆ ఒక్కరూ పిల్లవాడికి చుట్టం కాకూడదు. ఇక వాడి తరఫున మాట్లాడటానికి సాఫ్ట్‌వేర్ తెలిసిన మన పిల్లల్లో ఒకరిని సమాజే పెట్టాలి. వీటికి ఒప్పుకొని వాడు చేస్తానంటే మిగతా డబ్బు ఇద్దాం. చేయలేనంటే మొదటి రెండు నెలల పనికి లెక్క కట్టి, మిగతాది తిరిగిచ్చి గౌరవంగా తప్పుకోనిద్దాం. పాతకాలంలో బయానా తిరిగిచ్చినవాణ్ని దొంగ అనలేదు.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న టీ ఇచ్చాడు, ఎక్కువ మాట్లాడలేదు. పిల్లవాడు ఆదివారం వస్తానన్నాడు. "పెదనాన్నా, మీరు ఎప్పుడు ఏం అడిగిందీ నా వాట్సాప్‌లో ఉంది, చూపించమంటారా?" అని అడిగాడు. చూపించమన్నాను. నా డైరీలో కూడా ఉన్నాయి ఆ మీటింగుల రోజులవి, "ఇది కూడా చెప్పాలి" అని నేను రాసుకున్నవి. లెక్కపెడితే పందొమ్మిది తేలాయి. జిరాక్సు తీయించి ఉదయం పది గంటలకు హాలుకు తెస్తున్నాను.